పల్లపు నేలను రాగిరేకుపై ఎచింగ్ చేసే పద్ధతి

గోదావరి డెల్టా దృశ్యాన్ని గీయబూనిన వారికి మొదట ఎదురయ్యే చిక్కు, ఆ దృశ్యంలో కొండ లేకపోవడం. ధవళేశ్వరం దిగువన నది గౌతమి, వసిష్ఠ పాయలుగా విడిపోయాక అటు యానాం, ఇటు అంతర్వేది దాటి సముద్రం తగిలేదాకా నేల ఒకే మట్టాన సాగుతుంది. వరిమడి వెనుక వరిమడి, ఆ వెనుక కాలువగట్టు, గట్టు మీద తాటిచెట్ల వరుస, అన్నిటికీ వెనుక మసకగా కొబ్బరితోట. కొండ ఉన్నచోట దూరం ఎంతన్నది ఆ కొండే చెబుతుంది. ఇక్కడ ఆ పని గీతే చేయాలి. నీటిరంగుల్లో అయితే రంగును పలుచన చేసి దూరాన్ని తెప్పించవచ్చు కానీ, లోహపు రేకును ద్రావణంతో కొరికించి అచ్చు తీసే ఎచింగ్‌లో చేతిలో ఉండేది ఒక్క నల్ల సిరాయే. అయినప్పటికీ ఈ నేలకు ఎచింగ్‌కు మించిన పద్ధతి లేదని నా అభిప్రాయం, ఎందుకంటే ఈ పనిలో గీత ఎంత నల్లగా అచ్చవుతుందన్నది చేతి ఒత్తిడిని బట్టి కాక, ఆ గీత ద్రావణంలో గడిపిన సమయాన్ని బట్టి ఉంటుంది. ఒకే సూదితో, ఒకే తీరున గీసిన రెండు గీతల్లో ఒకదాన్ని నాలుగు నిమిషాలూ మరొకదాన్ని ముప్పావుగంటా కొరకనిస్తే, మొదటిది మంచులో కలిసిపోయిన తోటగానూ రెండోది కాళ్ళ దగ్గరి గడ్డిగానూ కనిపిస్తుంది. కింద చెప్పబోయే పద్ధతి అంతా ఈ ఒక్క సూత్రాన్ని నమ్ముకున్నదే.

కొత్తవారి కోసం పని మొత్తాన్ని ముందుగా రెండు మాటల్లో చెప్పుకుందాం. రాగిరేకుపై ద్రావణం అంటని మైనపు పొర పూసి, ఆ పొరను సూదితో గీకి లోహాన్ని బయటపెట్టి ద్రావణంలో ముంచితే, బయటపడిన చోట మాత్రమే లోహం కరిగి సన్నని గాడి పడుతుంది. తర్వాత పొరను తుడిచేసి, గాడుల్లో సిరా నింపి, రేకు పైభాగాన్ని శుభ్రంగా తుడిచి, తడి కాగితం పరచి ప్రెస్‌లోని రెండు ఉక్కు రోలర్ల మధ్య నొక్కితే గాడిలోని సిరాను కాగితం లాక్కుంటుంది.

సూది పట్టేముందు చూడవలసిన బొమ్మలు

సమతలపు నేలను చిత్రించడంలో హాలండ్ చిత్రకారులు మనకు దగ్గరివారు, ఎందుకంటే వారిదీ సముద్రమట్టానికి ఆనుకొని, కాలువలతో, గట్లతో నిండిన దేశమే. రెంబ్రాంట్ 1643లో చేసిన ‘మూడు చెట్లు’ అనే ఎచింగ్‌ను నెట్‌లో పెద్దది చేసి నిదానంగా చూడండి. కుడివైపు దిబ్బ మీది చెట్లు దట్టమైన నలుపులో నిలబడి ఉంటే, ఎడమవైపు మైదానమూ దాని అంచున ఉన్న పట్టణమూ వెంట్రుకల్లాంటి గీతల్లో ఉంటాయి, బొమ్మలో సగానికి పైగా ఆకాశమే ఉంటుంది. పశువుల కాపరుల దృశ్యాలకు ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ లొర్రెయిన్ 1630లలో రోమ్‌లో చేసిన ఎచింగులు, ముఖ్యంగా 1636 నాటి పశువుల కాపరి బొమ్మ, మంచి పాఠం. వాటిలో దూరపు చెట్లకు ఆకులు ఉండవు, వెలుగు మాత్రమే ఉంటుంది.

మనవారిలో చూడవలసినవారు తక్కువేమీ కాదు. బెంగాల్ చిత్రకారుడు ముకుల్ దే 1916లో షికాగో వెళ్ళి ఎచింగ్ నేర్చుకుని వచ్చాక ఈ కళ మన దేశంలో చిత్రకారుల చేతికి వచ్చింది. చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి పారిస్‌లోని అటెలియర్ 17 అనే అచ్చుచిత్రాల కార్యశాలలో పనిచేసి, ఒకే రేకు నుంచి అనేక రంగులు అచ్చువేసే విస్కాసిటీ పద్ధతిని రూపుదిద్దినవారిలో ఒకరయ్యారు. మెదక్ ప్రాంతపు కె. లక్ష్మాగౌడ్ ఎచింగుల్లో మేకలు, చెట్లు, పల్లెమనుషులు ఒకే అల్లికగా పెనవేసుకుని ఉంటారు. అయితే ఆయనది మెట్ట ప్రాంతపు రాతినేల, అక్కడి గరుకుగీతను తెచ్చి డెల్టా నీటి మీద పెడితే అతకదు. రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు చిత్రశాలలో ఉన్నవి రంగుల చిత్రాలే అయినా, మన ప్రాంతపు మనుషులూ వెలుగూ చిత్రంలోకి ఎలా వచ్చాయో తెలుసుకోవడానికి ఒక పూట అక్కడ గడపడం మంచిది.

రేకు, దాని అంచులు, దాని జిడ్డు

రాగిరేకు మందం ఒక మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల మధ్య ఉంటే చాలు. మొదటి పనికి అరచేయంత రేకు తీసుకుని, వెడల్పును ఎత్తుకు రెట్టింపుగా కోయించండి. ఈ నేల అడ్డంగా పరుచుకున్నది కాబట్టి చదరపు రేకులో ఇమడదు. గీతలు పడిన రేకును తడిపి 400 నుంచి 1500 నంబరు దాకా ఎమరీ కాగితాలతో వరుసగా రుద్ది, చివరకు లోహపు పాలిష్‌తో అద్దంలా చేయాలి, ఎందుకంటే రేకు మీద మిగిలిన ప్రతి గరుకూ ఆకాశంలో బూడిదరంగు మరకగా అచ్చవుతుంది. అజ్జరం వంటి ఇత్తడి పని ఊళ్ళు దగ్గర్లో ఉన్నవారు ఈ మెరుగు పనిని చేయి తిరిగినవారికి అప్పగిస్తే సమయం కలిసివస్తుంది. నాలుగు అంచులనూ ఆకురాయితో ఏటవాలుగా రుద్ది నున్నగా చేయాలి. లేకపోతే ప్రెస్ ఒత్తిడికి ఆ అంచు కాగితాన్నీ పైన వేసే ఉన్ని గుడ్డలనూ కోసేస్తుంది.

జిడ్డు తీయడంలో తొందర పనికిరాదు. చింతపండు, ఉప్పుతో రుద్దితే రాగి మిలమిల్లాడుతుంది గానీ అది చిలుము పోవడం వల్ల వచ్చిన మెరుపు, జిడ్డు ఇంకా ఉండవచ్చు. సుద్దపొడిని కొద్దిగా అమ్మోనియా కలిపిన నీటిలో ముద్దచేసి దూదితో రుద్ది కడగండి. కడిగిన నీరు ముత్యాలుగా విరగకుండా రేకంతా ఒకే పొరగా జారితే జిడ్డు పోయినట్టు. ఆ తర్వాత వేలు పైభాగాన్ని తాకకూడదు.

మైనపు పొర

తేనెమైనం రెండు పాళ్ళు, గట్టి బిటుమిన్ పొడి రెండు పాళ్ళు, రోజిన్ (పైన్ చెట్టు జిగురు) ఒక పాలు తీసుకుని, మైనాన్ని వేడినీటి గిన్నెలో పెట్టిన పాత్రలో కరిగించి, మిగిలిన రెండిటినీ కొద్దికొద్దిగా చల్లుతూ కలిపి, చల్లారుతున్నప్పుడు ఉండ చేసుకోవాలి. ఇక్కడి వేసవికి మైనం పాలు కాస్త తగ్గించడం అవసరం, ఎందుకంటే మే నెలలో ఈ పొర చేతికి అంటుకునేంత మెత్తబడుతుంది. అసలు ఈ పనికి మన ప్రాంతంలో మంచి కాలం ధనుర్మాసం నుంచి శివరాత్రి దాకా. పొర గట్టిగా నిలుస్తుంది, గీయవలసిన మంచు కూడా కిటికీ బయటే ఉంటుంది.

ఉండను పాత పట్టుచీర ముక్కలో మూటకట్టి, వేడిచేసిన రేకు మీద ఆనిస్తే గుడ్డలోంచి మైనం ఊరుతుంది. దాన్ని దూది నింపిన మరో పట్టుమూటతో తట్టుతూ రేకంతటా పల్చగా, సమంగా పరచాలి. పొర ఇంకా వేడిగా ఉండగానే రేకును తలకిందులుగా పట్టుకుని, రెండు మూడు మైనపు వత్తులను కలిపి వెలిగించి ఆ మంట కొసను ఎక్కడా ఆగకుండా కదుపుతూ మసి పట్టించండి. సరిగ్గా పట్టిన పొర నిగనిగలాడే నలుపులో ఉంటుంది, మాడినది కళతప్పి బొగ్గులా కనిపిస్తుంది. మాడినదాన్ని తుడిచేసి మళ్ళీ పూయడం తప్ప మార్గం లేదు. రేకు వెనుక భాగాన్ని ప్యాకింగ్ టేపుతో కప్పేయండి.

బొమ్మను దించడం

అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి. పేరులేని వరిమడికి దానితో పని లేదు గానీ, రాజమహేంద్రవరం వంతెననో, ఊరందరూ ఎరిగిన రేవునో గీసినప్పుడు చూసేవారికి వెంటనే తేడా తెలిసిపోతుంది. మనుషులు ఉంటే మరింత జాగ్రత్త కావాలి: ఊడ్పు మడిలో వంగిన స్త్రీల పైటలు అన్నీ కుడి భుజం మీదకు వచ్చిన ఎచింగులు నేను చాలానే చూశాను. కాబట్టి బొమ్మను ముందు రేకు కొలతకే కాగితంపై గీసి, ట్రేసింగ్ కాగితం మీదకు ఎత్తి, ఆ కాగితాన్ని తిరగేయాలి. రేకుకు ఆనే వైపున జేగురు పొడి రుద్ది, నల్లని పొర మీద పరచి, మొద్దు పెన్సిలుతో తేలికగా నొక్కితే ఎర్రని గీతలు నలుపు మీద స్పష్టంగా కనిపిస్తాయి. అన్ని గీతలూ దించనవసరం లేదు. క్షితిజరేఖ, గట్లు, చెట్ల మొదళ్ళు, పశువుల స్థానాలు చాలు. మిగిలినది సూదితోనే పుట్టాలి.

క్షితిజరేఖ ఎక్కడ పెట్టాలన్నది ఈ నేలలో అతి పెద్ద నిర్ణయం. నా సలహా, దాన్ని కిందనుంచి మూడోవంతు దగ్గరో అంతకంటే కిందో పెట్టమని. పైన మిగిలిన ఖాళీ చూసి భయపడి దాన్ని మబ్బులతో నింపాలనిపిస్తుంది. నింపకండి. డెల్టాలో గాలీ తేమా కలిసి ఆకాశాన్ని తెల్లగా చేస్తాయి, ఆ తెలుపు కాగితంలో ఉన్నదే.

సూది పట్టడం, దేన్ని ఏ గీతతో చెప్పడం

కుట్టుసూదిని చెక్కపిడిలో బిగించి, కొసను సన్న ఎమరీ మీద గుండ్రంగా తిప్పుతూ కొద్దిగా మొద్దు చేయాలి. సూది పొరను చీల్చి రాగి మీద జారాలి, రాగిలోకి దిగకూడదు. దిగితే గీత నడక బిగుసుకుపోతుంది. వెడల్పు గీతలకు దబ్బనాన్ని ఇలాగే మొద్దుచేసి వాడుకోవచ్చు. చేయి పొర మీద ఆనకుండా రెండు పుస్తకాల మీద అడ్డంగా ఒక చెక్క పలకను పెట్టి దాని మీద మణికట్టు ఆనించండి.

తాటిచెట్టునూ కొబ్బరిచెట్టునూ ఒకే తీరున గీయడం కొత్తవారిలో తరచు కనిపించే లోపం. తాటి తల గుండ్రంగా, బిగువుగా, దూరం నుంచి దాదాపు నల్లని ముద్దగా కనిపిస్తుంది. దాన్ని మధ్య నుంచి బయటికి పోయే పొట్టి గీతలతో చెప్పాలి. కొబ్బరి మట్టకు ఈనె ఒక వంపుగీత, దాని నుంచి కిందికి వాలే ఆకులు సమానంగా కాక గాలి వీచే వైపుకు ఎక్కువగా, రెండో వైపు తక్కువగా ఉండాలి. దగ్గరి చెట్టుకు రెండు మూడు మట్టలు మాత్రమే ఇంత వివరంగా గీసి, మిగిలినవాటిని ఈనెలతోనే వదిలేయండి. తోట మొత్తాన్ని ఆకు ఆకునా గీసినవారి రేకు ద్రావణంలో ఒకే నల్లని గుంటగా తేలుతుంది, ఎందుకంటే మరీ దగ్గరగా ఉన్న గీతల మధ్య రాగి కూడా కరిగిపోతుంది.

వరి కాలాన్ని బట్టి మారుతుంది. సార్వా ఊడ్పుల నాటి మడి నిజానికి నీరు. దానిలో ఆకాశం ఉంటుంది, మొక్కలు చిన్న చిన్న నిలువు చుక్కలుగా వరుసల్లో దూరమవుతూ పోతాయి. కోతల ముందరి చేను వంగిన కంకుల బరువుతో ఒకవైపుకు వాలిన పొట్టి వంపుగీతల గుంపు. కోతలయ్యాక మిగిలిన కొయ్యకాళ్ళు ఎచింగ్‌కు అన్నిటికంటే అనుకూలం, ఎందుకంటే అవి వాటంతటవే గీతలు. ఆ సమయంలోనే బాతుల మందలను మడుల్లోకి దించుతారు, గడ్డివాములు లేస్తాయి, గేదెలు గట్లు దిగి చేలల్లో స్వేచ్ఛగా మేస్తాయి. పశువులతో కూడిన దృశ్యానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు.

కాలువ నీటిని వీలైనంత తక్కువ గీతలతో, అన్నీ అడ్డంగా, తెగుతూ గీయాలి. నీటి మీద ఒక్క గీత ఏటవాలుగా వెళ్ళినా కాలువ వాలిపోయినట్టు కనిపిస్తుంది. చెట్టు నీడను మాత్రం నిలువు గీతలతో కిందికి దించి, మధ్యలో రెండు మూడుచోట్ల అడ్డంగా తెల్లని ఖాళీ వదిలితే అది కదిలే నీరవుతుంది.

ఇక గేదె. కాలువలో పడుకున్న గేదెకు కొమ్ముల వంపు, కళ్ళ మీది ఎత్తు, ముక్కుపుటాలు, వెన్ను మీద తడి వెలుగు చాలు. ఆ వెలుగును సన్నని తెల్లని పట్టీగా వదిలి, దాని కింద దట్టంగా గీతలు వేయాలి. గేదె వెన్ను మీద తెల్లకొంగ వాలి ఉంటే కొంచెం ఆలోచించాలి, ఎందుకంటే ఎచింగ్‌లో తెలుపును తర్వాత వేయడం అంటూ ఉండదు. కొంగకు దేహరేఖ గీయవద్దు. దాని వెనుక ఉన్న గట్టు గీతలు, కింద ఉన్న గేదె వెన్ను గీతలు సరిగ్గా దాని అంచు దాకా వచ్చి ఆగాలి. ముక్కుకు ఒక గీత, కాళ్ళకు రెండు, అంతే. ఆగిన గీతల మధ్య మిగిలిన కాగితమే కొంగ.

ద్రావణంలో కొరికించడం

రాగికి ఫెర్రిక్ క్లోరైడ్ వాడమని చెబుతాను. నత్రికామ్లం పాతకాలం నుంచి వాడుకలో ఉన్నదే గానీ, అది వదిలే గోధుమరంగు వాయువు ఊపిరితిత్తులకు ప్రమాదకరం, ఇంటి వరండాలో చేసుకునే పని కాదు. ఫెర్రిక్ క్లోరైడ్‌ను సర్క్యూట్ బోర్డులు తయారుచేసేవారు వాడతారు కాబట్టి ఎలక్ట్రానిక్స్ విడిభాగాల దుకాణాల్లో దొరుకుతుంది. గడ్డలుగా దొరికితే నీటిలో కొంచెం కొంచెంగా గడ్డలు వేయాలి తప్ప గడ్డల మీద నీరు పోయకూడదు, ఎందుకంటే కరిగేటప్పుడు బాగా వేడెక్కి ఘాటైన ఆవిరి వస్తుంది. ప్లాస్టిక్ తొట్టె, రబ్బరు చేతితొడుగులు, కళ్ళద్దాలు, తెరిచిన కిటికీ తప్పనిసరి. గచ్చు మీద పడితే తుప్పురంగు మరక పోదు. ద్రావణం చిక్కదనాన్ని కొలిచే బామే కొలతలో 40 గాఢత సరిపోతుంది. గాఢత పెంచితే వేగం పెరుగుతుందనుకుంటారు గానీ, మరీ చిక్కనైన ద్రావణం నెమ్మదిగానే కొరుకుతుంది.

ఈ ద్రావణంలో గాడుల అడుగున బురదలాంటి పదార్థం పేరుకుని కొరకడం ఆగిపోతుంది. దీనికి పాత మార్గం రేకును తలకిందులుగా, నాలుగు మూలలా చిన్న ఆధారాలపై ఉంచడం. 1990లలో ఎడిన్‌బరోలో రూపొందిన మార్గం ఇంకా తేలిక: కిరాణాకొట్టులో దొరికే నిమ్మ ఉప్పును ఒక పాలుకు మూడు పాళ్ళ నీటిలో కరిగించి, ఆ నీటిని ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం నాలుగు పాళ్ళకు ఒక పాలు చొప్పున కలిపితే ఆ బురద కరిగిపోయి గీత శుభ్రంగా దిగుతుంది, రేకును ముఖం పైకే పెట్టి చూసుకోవచ్చు.

అసలు రేకును ముంచేముందు అదే రాగి చిన్నముక్క మీద పొర పూసి, వరుసగా గీతలు గీసి, ఐదేసి నిమిషాలకు ఒక్కో భాగాన్ని కప్పుతూ పరీక్షరేకు చేసుకోవాలి. ద్రావణం వయసు, ఆనాటి ఎండ, రెండూ సమయాన్ని మారుస్తాయి. జనవరి ఉదయం సరిపోయిన లెక్క ఏప్రిల్ మధ్యాహ్నం చెల్లదు.

ఇప్పుడు దూరాన్ని తెప్పించే పని. మొత్తం బొమ్మ గీసిన రేకును ముంచి, నాలుగు నిమిషాలకు తీసి, నీటితో కడిగి, ఆరబెట్టి, క్షితిజం మీది కొబ్బరితోటను స్టాప్-అవుట్ వార్నిష్‌తో కప్పేయండి. ఇక ఆ గీతలు అంతకంటే లోతు దిగవు. దీనికి ప్రత్యేకమైన వార్నిష్ కొననక్కరలేదు, వడ్రంగులు వాడే లక్క పాలిష్ పనికివస్తుంది. మళ్ళీ ముంచి, మొత్తం పది నిమిషాలు పూర్తయ్యేసరికి రెండో గట్టునూ దాని మీది తాటిచెట్లనూ కప్పాలి. ఇరవై నిమిషాల దగ్గర పాకలు, గడ్డివాములు; ముప్పై నిమిషాల దగ్గర పశువులు; నలభై ఐదు నిమిషాలు పూర్తయ్యాక కాళ్ళ ముందరి గడ్డీ, గట్టు అంచు నీడా. ఈ సంఖ్యలు నమూనాకే, మీ పరీక్షరేకు చెప్పినదే ఆఖరి మాట. అయితే నిష్పత్తిని మాత్రం గమనించండి: ఒక్కో మెట్టుకూ సమయం దాదాపు రెట్టింపో, ఒకటిన్నర రెట్లో అవుతోంది. సమానంగా ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ పోతే చివరి మెట్ల మధ్య తేడా కంటికి ఆనదు, పొలమంతా ఒకే దూరంలో ఉన్నట్టు అచ్చవుతుంది.

కప్పే పనిలో మన వాతావరణం పెట్టే ఇబ్బంది ఒకటుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు లక్క పాలిష్ ఆరుతూ తెల్లగా పాలిపోతుంది, అది పూర్తిగా ఆరిందో లేదో తెలియదు. పచ్చిగా ఉన్నదాన్ని ముంచితే ఊడివచ్చి, దూరపు తోట గేదెలంత నల్లగా మారుతుంది. అందుకని ప్రతిసారీ ఫ్యాను కింద ఉంచి, వేలిగోటితో మూలన తాకి చూసి తర్వాతే ముంచాలి. పొరలో కంటికి కనపడని రంధ్రాలున్నచోట ఆకాశంలో చుక్కలు పడతాయి కాబట్టి, మొదటి ముంపుకు ముందే ఖాళీ ఆకాశమంతా ఒకసారి పాలిష్ పూయడం మేలు.

రాగి ఖరీదనుకునేవారు జింకు రేకుతో మొదలుపెట్టవచ్చు. దానికి ఫెర్రిక్ క్లోరైడ్ వాడకూడదు, విపరీతంగా వేడెక్కుతుంది. తోటలకు కొట్టే బోర్డో మిశ్రమం కోసం రైతులు కొనే మైలుతుత్తం 75 గ్రాములు, ఉప్పు 75 గ్రాములు ఒక లీటరు నీటిలో కరిగిస్తే జింకును చక్కగా కొరికే ద్రావణం తయారవుతుంది. గాడుల్లోంచి ఎర్రని రాగి బురద పైకి వస్తూ ఉంటుంది, దాన్ని మెత్తని కుంచెతో తోసేయాలి; నీలిరంగు వెలిసిపోయిందంటే ద్రావణం సత్తువ అయిపోయినట్టు. గీత రాగిలో అంత నాజూకుగా రాదు, నాలుగైదు మెట్లకు బదులు మూడు మెట్లతో సరిపెట్టుకోవాలి.

అచ్చు, సవరణ

కొరకడం పూర్తయిన రేకు మీది మైనాన్ని కొబ్బరినూనె రాసి కరిగించి తుడిచేయండి, లక్క భాగాలు స్పిరిట్‌తో పోతాయి. గట్టి ఎచింగ్ సిరాను, కొద్దిగా వేడిచేసిన రేకు మీద అట్టముక్కతో నలువైపులా లాగుతూ గాడుల్లోకి నొక్కాలి. గంజి పెట్టిన పల్చని మల్లుగుడ్డను ఉండచేసి గుండ్రంగా తుడిచి, చివరగా సుద్దపొడి అంటించిన అరచేతి అంచుతో తేలికగా రాయాలి. ఆకాశాన్ని పూర్తిగా తుడిచి, నేల మీద కొద్దిపాటి సిరా పొర వదిలితే సాయంకాలపు బరువు వస్తుంది. అయితే కొరకడంలో లేని దూరాన్ని తుడవడంలో తెప్పించాలని చూస్తే రెండో ప్రతి మొదటిదానిలా రాదు.

నూలు గుజ్జుతో చేసిన మందపాటి కాగితాన్ని అరగంట నీటిలో నానబెట్టి, అద్దుడు కాగితాల మధ్య పెట్టి మెరుపు పోయేదాకా నీరు తీయాలి. ప్రెస్ లేకుండా చెంచా వెనుక భాగంతో రుద్ది ఎచింగ్ అచ్చు తీయవచ్చని కొందరు చెబుతారు గానీ, నాలుగు నిమిషాల గీతలు ఆ ఒత్తిడికి పైకి రావు, ఆ గీతలు రాకపోతే మన దృశ్యంలో దూరమే ఉండదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం లలితకళల విభాగాన్ని గానీ, చెన్నైలోని లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రాన్ని గానీ సంప్రదించి ప్రెస్ వాడుకునే వీలు ఉందేమో కనుక్కోవచ్చు. లేత్ పని తెలిసిన వర్క్‌షాపులో చిన్న ప్రెస్ చేయించుకోవడం మరో మార్గం.

మొదటి ప్రతి ఎప్పుడూ పరీక్షకే. ఏదైనా చోట నలుపు ఎక్కువైతే బర్నిషర్ అనే నున్నని ఉక్కు పనిముట్టుతో, ఒక చుక్క నూనె వేసి ఆ గాడులను రుద్ది చదును చేస్తే గీత వెనక్కి తగ్గుతుంది. నీటి మీద మెరుపును కూడా ఇలాగే తెప్పించవచ్చు. నలుపు చాలకపోతే మళ్ళీ పొర పూసి కొరికించవచ్చు, లేదా ఉక్కుసూదితో నేరుగా రాగిని చీల్చి డ్రైపాయింట్ గీతలు చేర్చవచ్చు. సూది లేపిన రాగి పొట్టు సిరాను పట్టుకుని, గేదె పొట్ట కిందకూ గట్టు అంచుకూ మెత్తని నలుపునిస్తుంది. అయితే ప్రెస్ ఒత్తిడికి ఆ పొట్టు త్వరగా నలిగిపోతుంది కాబట్టి దాన్ని నమ్ముకున్న బొమ్మకు మంచి ప్రతులు పది పదిహేను మించి ఆశించకూడదు. రోజిన్ పొడితో బూడిదరంగు ఛాయలు తెప్పించే ఆక్వాటింట్ పద్ధతిని మంచు కోసం వాడాలని చాలామందికి ఉబలాటం. మొదటి కొన్ని రేకుల్లో దాని జోలికి పోవద్దు. ఆ పొడి పీల్చడం ప్రమాదమన్నది ఒకటైతే, గీతతో దూరం తెప్పించడం చేతికి రాకముందే బూడిదరంగు చేతికొస్తే ఇక గీత నేర్చుకోవడం జరగదన్నది రెండోది.

ప్రతులను అద్దుడు కాగితాల మధ్య బరువు కింద ఆరబెట్టాలి. వర్షాకాలంలో రోజుకు రెండుసార్లు కాగితాలు మార్చకపోతే బూజు పడుతుంది. ఆరాక అచ్చు కింద ఎడమవైపు ప్రతి సంఖ్యను, ఇరవైలో మూడోదయితే 3/20 అని, పెన్సిలుతో వేసి కుడివైపు సంతకం చేయడం వాడుక.

వాడేసిన ద్రావణం సంగతి

సత్తువ తగ్గిన ద్రావణాన్ని పంటకాలువలోకో మురుగుకోడులోకో వంపవద్దు. రాగి కలిసిన నీరు కొద్ది మోతాదులోనే చేపకూ రొయ్యకూ విషం, ఈ ప్రాంతంలో కాలువ నీరు ఏదో ఒక చెరువుకు చేరకుండా ఉండదు, చాలా ఊళ్ళకు తాగునీరు కూడా అదే. పెద్ద బకెట్‌లో వాషింగ్ సోడా నీటిని కొద్దికొద్దిగా కలుపుతూ పోండి. నురగ ఒక్కసారిగా పొంగుతుంది కాబట్టి బకెట్ సగానికి మించి నింపకూడదు. నురగ రావడం ఆగాక ఒక రోజు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. పైనీటిని మరో పాత్రలోకి వంచి లిట్మస్ కాగితంతో చూసుకోవాలి, ఇంకా నీలిఛాయ ఉంటే మరికొంత సోడా కలపాలి. మడ్డిని ఆరబెట్టి మూత బిగించిన డబ్బాలో, పేరు రాసిన చీటీ అంటించి ఉంచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికే ఇవ్వండి. మైలుతుత్తం ద్రావణానికీ ఇదే పద్ధతి.

పని ముగిసిన రేకును సిరా లేకుండా కడిగి, పల్చగా వాసెలిన్ పూసి, పొడి కాగితంలో చుట్టి పెట్టాలి. ఉప్పుగాలి తగిలే సముద్రతీరపు ఊళ్ళలో ఉండేవారు ఆ పూతను వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మార్చుకోవాలి.